వెనక సీటు పక్క జాలీ

రోహిణి కార్తె మూడో రోజు,
ఆకివీడు దాటాక ఒక చెరువు గట్టు మీద
డాష్‌బోర్డులో ఎర్ర త్రికోణం వెలిగింది.
అప్పటికి తొమ్మిది చెరువుల నీళ్లు
సీసాల్లో పట్టాను.
పదో చెరువు పట్టకుండానే
కారు నన్ను పట్టి ఆపేసింది.

భీమవరంలో మీరావలి షెడ్డు.
వెనక సీటు పక్క ప్లాస్టిక్ జాలీ ఊడదీసి
లోపలి ఫిల్టరు బయటికి లాగాడు.
మాసిన దుప్పటి ముక్కలా వచ్చింది.
రొయ్యల మేత పొడి, గట్టు దుమ్ము,
ఎండిన తూనీగ రెక్క ఒకటి,
నా తల వెంట్రుకలు,
ఎప్పుడు అన్ని రాలాయో.

"దీని ముక్కు మీద ఏం పెడతారండీ?" అన్నాడు.
సీసాల పెట్టె, అన్నాను.
ఏడాదిగా అక్కడే. బెల్టు వేసి మరీ.

పెట్రోలు తక్కువ తాగుతుందని
హైదరాబాదు డాక్టరు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న రోజు
ఎవరూ చెప్పలేదు,
అసలుది సీటు కింద దాక్కుని ఉందని,
మనం పీల్చే గాలే దానికీ కావాలని.

చిత్రం,
నేను రోజూ రైతులకు చెప్పేది అదే.
ఎండ ముదిరితే నీళ్లలో ప్రాణవాయువు దిగిపోతుంది,
మేత తగ్గించండి, ఏరియేటర్లు ఆపకండి,
తెల్లారుజామున నాలుగింటికి లేచి ఓసారి చూసుకోండి.
రొయ్య అరవదు.
తేలుతుంది, అంతే.

బ్యాటరీ కూడా అరవలేదు.
మార్చి నుంచి వెనకాల దాని ఫ్యాను హోరుమంటుంటే
నేను పాటల సౌండు పెంచాను.

మీరావలి చెబుతుంటే మేత రసీదు వెనక రాసుకున్నాను.
ఎండలో నిలిపిన బండి ఎక్కగానే తోలొద్దు,
నాలుగు తలుపులూ తీసి వేడిని పోనివ్వాలి,
ఏసీ ఒంటికి తగిలాకే కదలాలి.
తర్వాత నా పెన్ను తీసుకుని
అతనే ఒక్క మాట రాసి కింద రెండు గీతలు గీశాడు:
నీడ.

చెట్టుంటే ఆకు రాలి నీళ్లు కుళ్లుతాయని,
కొమ్మల మీద పిట్టలు చేరతాయని
ఇక్కడ ఎప్పుడో కొట్టేశారు.
నలభై ఎకరాల్లో నీడంటే కరెంటు స్తంభానిది,
బెత్తెడు,
అదీ గంటగంటకీ జరిగిపోతుంది.
కాలువ కట్టేశారు, వంతెన కింద బురద నెర్రెలిచ్చింది.
గాలి ఎటూ కదలదు.

మర్నాడు పదో చెరువుకి మళ్లీ వెళ్లాను.
మేత బస్తాలుండే తాటాకు పాక.
కాపలా ఏసుదానం తన నులకమంచం
బయటికి లాగి ఎండలో వేస్తున్నాడు.
"బండి ఇందులో ఎట్టుకోండమ్మా. నిన్న ఆగిపోయిందంట కదా."
మరి నువ్వో?
"నాకేటండీ, తడిగుడ్డుంది."

లక్ష చిల్లర బ్యాటరీ చల్లగా ఉండాలని
అరవై రెండేళ్ల మనిషి
నలభై అయిదు డిగ్రీల్లోకి నడుస్తున్నాడు,
ఆయ్, ఇది మామూలే అన్నట్టు.

మూడు పక్కలా గోడల్లేని పాక అది.
బండి లోపల పెట్టాను. తలుపులన్నీ తీసి వేడి పోనిచ్చాను.
సీసాల పెట్టె ముందు సీట్లోకి మార్చి
ఏసీ వేసి
వెనక సీటు చూపించాను.
కాళ్లు కడుక్కొచ్చాడు. తువ్వాలు పరిచాడు.
టిక్కెట్టు లేకుండా బస్సెక్కినవాడిలా
అంచున కూర్చున్నాడు చాలాసేపు.
తర్వాత ఒరిగాడు.

నీళ్లు పట్టి వచ్చేసరికి
నోరు తెరిచి నిద్ర.
తువ్వాలు అంచు సీటు దిగి జాలీ దాకా వేలాడుతోంది,
పోగులు ఒక్కొక్కటీ లోపలికి వంగుతున్నాయి.
అతను వదిలిన గాలిని
కింద ఉన్నది మెల్లగా పీల్చుకుంటోంది.

తువ్వాలు పైకి మడిచి పొట్ట మీద పెట్టాను.

కాసేపటికి ఇంజిను దానంతటదే మేలుకుంది.
ఏసుదానం కళ్లు తెరవకుండానే
"ఏరియేటరు ఆడతందాండీ?" అన్నాడు.
ఆడుతోంది, పడుకో, అన్నాను.